యాకూబ్ బోర్డు వెనకవైపు

నా ఉద్యోగంలో ఆఖరి వేసవి అది. కళల శాఖలో సర్వే అధికారిణిగా బాన్సువాడ వెళ్లాను. నైరూప్య చిత్రకళ, అంటే మనిషీ మానూ కనబడకుండా రంగులతో, గీతలతోనే వేసే బొమ్మలు, మన వైపు మొదలుపెట్టిన తొలితరం వాళ్ల జాబితా తయారవుతోంది. అందులో చేరాలంటే ఒకటే షరతు. వాళ్లంతా ఒక బృందంగా కలిసి పెట్టిన మొదటి ప్రదర్శనకు ముందే వేసినట్టు రుజువున్న బొమ్మ ఒక్కటైనా చూపించాలి. జాబితా ఆ వారమే మూసేస్తున్నారు.

నేను చూడవలసినాయన యాకూబ్, ఎనభై దాటిన సైన్‌బోర్డుల పెయింటర్. బృందంలో మిగిలినవాళ్లంతా "మాకంటే ముందు వేసింది ఆయనే" అని రాసిచ్చారు. ఇంటినిండా బొమ్మలే. ఒక్కదాని మీదా సంతకం లేదు, తేదీ లేదు. నాకు ఒళ్లు మండింది. ఊళ్లో ప్రతి దుకాణం బోర్డు మీదా ఈయన సంతకం, తేదీ ఉన్నాయి. సొంత బొమ్మలకేం రోగం?

"బోర్డు మీద పేరుంటే ఇంకో దుకాణపాయన పిలుస్తడు మేడమ్. గీ బొమ్మ జూసి ఎవడు పిలుస్తడు?" అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వితే ఫారం నిండదు కదా! మొట్టమొదటిది ఏమైందని అడిగాను.

"రేకు మీద ఏసిన. ఎవరికీ నచ్చలే. మంచి రేకు ఎందుకు ఖరాబ్ జెయ్యాలె అని ఎనకకు తిప్పి ఎరువుల దుకాణం బోర్డు రాసిచ్చిన. ఇంకా గోడకే ఉన్నది."

నేను ఫారం మూసి లేచాను. గోడకు బిగించిన రేకు వెనకాల ఎవరూ బొమ్మ వెయ్యలేరు. బోర్డు మీద ఏ తేదీ ఉంటే, బొమ్మ దానికంటే ముందుదే.

ఆ దుకాణం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. యజమాని సుబ్బారావు గారు మొదట ససేమిరా అన్నారు. "మా నాన్నగారు పెట్టించిన బోర్డండీ, కదిలిస్తే అచ్చిరాదు." యాకూబ్ బతిమాలలేదు. మెట్టు మీద కూర్చుని బోర్డుకేసే చూస్తున్నాడు. ఎండ నెత్తిమీదికొచ్చినా ఆయన కదలకపోవడం చూసి సుబ్బారావు గారే నిచ్చెన తెప్పించారు.

రేకు దిగింది. మూలన సంతకం, తేదీ. ప్రదర్శనకు రెండేళ్లు ముందు! తిప్పి బూజు తుడిచేసరికి ఎండావానా తగలని నీలం, పసుపు. బజారంతా పోగైంది.

"ఏందిది యాకూబన్నా?" అని పూలమ్మే అవ్వ అడిగింది.

"ఏం లేదు, రంగులే."

"మస్తుగున్నది. కండ్లు సల్లవడ్డయ్."

యాకూబ్ పకపకా నవ్వాడు, అంతలోనే ఏడ్చాడు. సర్కారు ఉద్యోగినని కూడా మరిచి నేనూ కళ్లు తుడుచుకున్నాను. అంత సంతోషం నా సర్వీసులో అంతకుముందెన్నడూ కలగలేదు.

ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, జాబితాలో మొదటి వరుసలో ఆయన పేరెక్కించాను. సుబ్బారావు గారు రేకును ఈసారి బొమ్మ బయటికి కనబడేలా బిగించారు. మరి కొట్టు పేరో అంటే, "మా కొట్టు ఊరందరికీ తెలుసండీ, ఈయన్నే తెలీలేదు" అన్నారు.

రిటైరయ్యేటప్పుడు నా సీట్లోకి వచ్చినావిడకు ఒక్క మాటే చెప్పాను. సంతకం లేదని ఫారం తిప్పి పంపేముందు, ఆ మనిషి సంతకం ఎక్కడ పెడతాడో అడగమని.