విప్పిన నల్లదారాలు

గిర్మిట్ ఒప్పందం మీద సముద్రం దాటొచ్చిన కూలీల లైను ఇళ్లలో పుట్టిన నా కొడుకు, నాలుగో నెలలో నా వేలు పట్టుకోవడం మానేశాడు. దిష్టి తగిలిందనుకుని రోజుకో నల్లదారం కట్టాను. మోచేతి దాకా నలుపే.

మా దీవిలోని పెనాంగ్ చక్కెర మిల్లుకి వెళ్లే చెరకు రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దాయన, నా ఒళ్లో వాడి చెయ్యి చూశాడు. సూవా పట్నంలో, మెదడు నరాలను భూతద్దం కింద పరీక్షించే దొర దగ్గర పనిచేశాడట.

"చెయ్యి పడిపోయిందా అయ్యా?" అన్నాను.

"ఫికర్ చెయ్యకమ్మా. అది పుట్టుకతో వచ్చిన పట్టు, పోవాల్సిందే. తలలో నరాలు ఒకదాన్నొకటి అందుకుంటన్నాయి. ఇక తనకి కావాలంటేనే పట్టుకుంటాడు. ముందు ఈ దారాలిప్పు."

విప్పాను. నమ్మకం కుదరక వాటిని కొంగున ముడేసుకున్నాను. రోజూ వాడి గుప్పిట్లో వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

ఒక పొద్దున పాలిస్తుంటే, వాడే చెయ్యి చాపి ఆ ముడిని పట్టుకున్నాడు. విడిపించబోతే వదల్లేదు.