చూడని నాటకానికి సమీక్ష

మా తాతయ్య మీద నా కోపం ఇంకా చల్లారలేదు. నా చిన్నప్పుడు ఆయన నరసరావుపేటలో బడిపంతులుగా చేస్తూనే ఒక పత్రికకు నాటక సమీక్షలు రాసేవాడు. పరిషత్తు పోటీలు జరిగితే ముందు వరసలో ఆయనకో కుర్చీ, పక్కన నాకో స్టూలు. రాసిన కాగితాలు కవర్లో పెట్టి సాయంత్రం గుంటూరు బస్సు డ్రైవరు చేతికిస్తే మర్నాటి పేపర్లో వచ్చేవి.

ఆ రోజు ఆఖరి నాటకం మొదలయ్యేసరికి బస్సు వేళయింది. నన్ను కూర్చోమని చెప్పి తాతయ్య వెళ్ళిపోయాడు. ఆ నాటకాన్ని అంతకుముందు ఏడాది చిలకలూరిపేటలో వేరే నటులు వేస్తుంటే చూశాడట. ఆ ధైర్యంతో బస్టాండులోనే దానికీ నాలుగు వాక్యాలు రాసి పడేశాడు. తండ్రి వేషధారి అరుపులకు చెవులు చిల్లులు పడ్డాయన్నాడు.

మా ఊళ్ళో ఆ వేషం వేసింది మా వీధి చివర లారీలు బాగుచేసే చాచా. కొడుకు శవం ముందు కూర్చుని ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. నేను ఏడుస్తూ చూశాను.

రెండు రోజులకు చాచా పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అది చదివి నాటక సమాజం వాళ్ళు తర్వాతి పోటీకి ఆయన్ని తీసేశారట. తాను వెనక నిలబడి అంతా చూశానని తాతయ్య తడబడకుండా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధం. నువ్వు బస్టాండుకి పోయావుగా తాతయ్యా" అన్నాను.

తాతయ్య తల దించుకున్నాడు. చాచా చెప్పులు విడిచి వాకిట్లో కూర్చున్నాడు.

"చూసి తిట్టండి మాస్టారూ, పడతా. చూడకుండా రాయటం ఏంది?"

ఆ శవం దగ్గర ఘట్టమంతా అక్కడే చేశాడు, గ్రీజు చేతులు ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా. అయ్యేసరికి తాతయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ కన్నీళ్ళు చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది.

తాతయ్య సవరణ రాసి పంపితే పత్రిక వేయలేదు. సమాజం వాళ్ళ దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు గానీ అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారు. తాతయ్య పోయేదాకా సమీక్షలు రాస్తూనే ఉన్నాడు. చాచా మాత్రం మళ్ళీ ముఖానికి రంగు వేసుకోలేదు.

పెద్దయ్యాక నేనూ పత్రికలకు సమీక్షలే రాశాను. ఇప్పుడు సినిమా సగంలో ఉండగానే ఫోన్లో తీర్పులు చెప్పేవాళ్ళను చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. రాసింది పంపే ముందు, రేపు పొద్దున ఈ మనిషి మా వాకిట్లోకి వస్తే మొహం చూడగలనా అని నన్ను నేను అడుగుతాను. చూడలేననిపిస్తే కాగితం చించేస్తాను.