హాలు గోడ

నేను కాపురానికి వచ్చిన ఏడాది మామగారు గుండుగొలను దగ్గర పొలం, అందులో ఎప్పుడో ఒక దొర కట్టుకున్న బంగళా కొన్నారు. తర్వాత ఉన్నవాళ్లు దానికి వెనక వసారా దించి, కిటికీలు కొన్ని పూడ్చేశారు.

హాల్లో ఒక గోడ మాత్రం మిగతావాటికి రెండింతలు మందం. తడితే డొల్లగా మోగేది.

“ఏవండీ, ఇందులో ఎవరినో పెట్టి పూడ్చేశారండీ,” అన్నారు అత్తగారు. నన్ను ఆ ఛాయలకే పోనిచ్చేవారు కాదు.

చివరికి మామగారు విసిగిపోయి గోడ పగలగొట్టించారు. లోపల మసిపట్టిన పెద్ద గూడు, పైకప్పు దాకా పొగగొట్టం కనిపించాయి.

“దొరలు చలి కాచుకునే పొయ్యండీ,” అన్నాడు తాపీమేస్త్రి.

“కొల్లేటి పక్కన చలేవిటి? ఏదో దాస్తున్నాడు,” అని అత్తగారు నా చెవిలో గొణిగారు.

గొట్టం మీది మూత తీయించాక, వంటింటి పొగ పడలేని నేను ఆ గూట్లోనే పొయ్యి వెలిగించాను. పొగంతా నిటారుగా పైకి పోయింది. అత్తగారి మనసు మాత్రం కుదుటపడలేదు.

“ఎటు పోతోందో చూసిరా అమ్మాయ్.”

పెరట్లోకి వెళ్లి చూసి, కప్పు మీంచి పోతోందని చెప్పాను.

“అది మన పొగేనని ఏవిటే నమ్మకం?” అన్నారావిడ.