మొప్పలు లేని బోర్డు

మొన్న ఈ దీవుల్లో మేముండే బ్రూక్షాబాద్‌లో మా గుమ్మం ముందుకి పాత ఇనుము కొనే కబాడీవాడు వచ్చి, రేకుపెట్టెలోంచి నేను తీసిచ్చిన సామానంతా తక్కెడలో వేస్తూ వేస్తూ, అడుగునున్న ఆ పచ్చపలకని కూడా కుళ్ళిన చేపని విసిరినట్టు విసిరేసరికి, నాకు ఎక్కడలేని కోపం వచ్చి వాడి చేతిలోంచి లాక్కున్నాను. అది కంప్యూటరు లోపల ఉండే మదర్‌బోర్డు. పనికిరాదని వాడికంటే ముందు నాకే తెలుసు, అయినా లాక్కున్నాను. నాకు సంతకం వరకే చదువు కనక, నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. తిట్లు తగ్గించమంటోంది కానీ దాన్ని మాకు అంటగట్టిన దుకాణంవాడి సంగతి వచ్చేసరికి నా నోరు నా మాట వినదు.

మా ఆయన ఉన్న రోజుల్లో జంగ్లీఘాట్ రేవు నుంచి డింగీ పడవ మీద చేపల వేటకి వెళ్ళేవాడు. ఒకసారి పాత డింగీకి పెద్ద ఇంజిను బిగించాడు. ఇంజిను బాగానే ఉరికింది, దాన్ని మోసే వెనక చెక్కే నిలువునా చీలిపోయింది. ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి, ఇంజినుకి బలముంటే సరిపోదే, దాన్ని మోసేదానికుండాలి అని పకపకా నవ్వాడు. మర్నాడు మనుషుల్ని పెట్టి ఆ ఇంజినుని నీళ్ళలోంచి పైకి లాగించాడు. ఆయన పోయాక ఆ ఇంజినుని రెండేళ్ళు గోనెపట్టా కప్పి దాచి, చివరికి మా అమ్మాయి కంప్యూటరు కోసం అమ్మేశాను.

అమ్మాయి ఇళ్ళ ప్లాన్లు గీయడం నేర్చుకుంది. ఫెరార్గంజ్‌లో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు ఒకాయన, పది రోజుల్లో ఒక ఇంటి బొమ్మలు అన్ని వైపుల నుంచీ చేసి చూపిస్తే పనిలో పెట్టుకుంటానన్నాడు. పెద్ద ప్రాసెసర్ కొనే తాహతు లేక, నాలుగు కోర్లున్న చవకది ఒకటి తెప్పించుకుంది. నాలుగు కోర్లంటే వల లాగే నలుగురు మనుషులనుకోమ్మా, వాళ్ళ చేత ఇంకొంచెం జోరుగా లాగించామంటే ఖరీదైనదానికి దగ్గరగా పని చేస్తుంది, కానీ అలా లాగించుకోవడానికి అన్ని బోర్డులూ ఒప్పుకోవు, ఒప్పుకున్నవాటిలోనూ ఆ కరెంటు తట్టుకునే గట్టిది కావాలి అంది. అదెంత చెప్పినా నాకు కనిపించింది మా ఆయన డింగీ వెనక చెక్కే. గట్టిదని ఎలా తెలుస్తుందే అంటే, ప్రాసెసర్ పక్కన వేడి పోవడానికి వరసగా రేకులుంటాయి, అవి చూడమంది. చేప మొప్పల్లాగానా అన్నాను. అచ్చంగా అంతే, మొప్పలు చూసి పట్టుకురా అని నవ్వింది.

దుకాణంలో చెప్పి తెప్పించిన గట్టి బోర్డు ఓడలో దిగిన రోజున అమ్మాయికి పరీక్ష. అందుకని నేనే వెళ్ళాను. దుకాణంవాడు మా శ్రీకాకుళం వైపువాడే, వాళ్ళింటి పెళ్ళిలో నేను మూడు రోజులు పసుపు దంచినదాన్ని. డబ్బా అప్పటికే కాగితం చుట్టి, తాడు కట్టి ఉంచాడు. విప్పి చూద్దామని తాడు మీదకి నా చెయ్యి వెళ్ళింది.

"ఏటక్కా, నా మీద నమ్మకం నేదా? మన గుంటకి నాను సెడ్డ సరుకిత్తానా?"

నా కూతుర్ని మన గుంట అన్నాడు, అంతే, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా ఈడువాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పరాయి దేశంలాంటి ఈ దీవుల్లో మనవాడు తన చేత్తో కట్టిచ్చిన మూట వాడి ఎదుటే విప్పడమంటే చెంప మీద కొట్టినట్టే. నలభై ఏళ్ళు చేపలమ్మినదాన్ని, మొప్ప ఎత్తకుండా కన్నతల్లి దగ్గరైనా చేప కొననిదాన్ని, ఆ పూట మర్యాదకి పోయాను.

ఇంటికొచ్చాక అమ్మాయి తాడు విప్పింది. అటూ ఇటూ తిప్పి చూసి, నేల మీద పెట్టి, "మొప్పల్లేవమ్మా," అంది. అరిచినా బాగుండేది. బిగించి చూస్తే జోరు పెంచే వీలు కూడా అందులో లేదు.

మర్నాడు చేపలగంపతోనే దుకాణంలోకి వెళ్ళి ఆ బోర్డు వాడి బల్ల మీద పడేశాను.

"అక్కా, మీకని తెప్పించిన బోర్డు ఆఫీసరుగారింటోళ్ళు అడిగినారు, కాదననేకపోయినాను. ఇదీ ఆడతాది. ఆడగుంటకి అంత జోరెందుకు సెప్పు?"

"ఆఫీసరుకి మొప్పలున్నదీ, మాకు నేనిదీనా? కుళ్ళిన సేప నీకెప్పుడైనా కట్టేనేట్రా? మనోడివని ఇప్పకుండా పట్టుకెల్లినాను, అదేనా నాను సేసిన తప్పు?"

పక్కనున్న ఒక కొనుగోలుదారు, "దీదీ, మచ్ఛీ బజార్ ఉధర్ హై," అని చేపల బజారు వైపు చెయ్యి చూపించి కిసుక్కుమన్నాడు. గంపలోంచి ఓ కానాగంత చేపని తీసి వాడి ముక్కు ముందు మొప్ప ఎత్తి, దేఖో భయ్యా, మేం ఇలా చూపించి అమ్ముతాం అన్నాను. నవ్వు ఆగింది కానీ బోర్డు మారలేదు. ఇంకో బోర్డు రావాలంటే మళ్ళీ ఓడ రావాలి. ఆ బోర్డుతో పొద్దున్న మొదలెట్టిన ఒక్క బొమ్మ సాయంత్రానికి తయారయ్యేది. పది రోజులూ అయిపోయాయి, కాంట్రాక్టరు ఇంకొకరిని పెట్టుకున్నాడు. మా ఆయన ఇంజిను అలా పోయింది.

ఇప్పుడు అమ్మాయి రంగత్‌లో తనే కంప్యూటర్ల దుకాణం పెట్టుకుంది. ఎవరొచ్చినా డబ్బా విప్పి, బోర్డు బల్ల మీద పెట్టి, వేలు పెట్టి చూపిస్తేగానీ ఇవ్వదు. మనవాళ్ళలో పెద్దవాళ్ళు, మాకు నీ మీద నమ్మకం లేదనుకున్నావా, విప్పకమ్మా అని నొచ్చుకుంటారట, అయినా విప్పుతుందట. అదే మంచిదని నాకు తెలుసు. వాడి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ ఆ తాడు మీంచి చెయ్యి తీసేసిన క్షణాన, ఇంత సముద్రం మధ్యలో నాకూ ఒక తమ్ముడున్నాడని ఎంత నిబ్బరంగా ఉండిందో, ఆ తర్వాత ఏ దుకాణంలోనూ నాకు మళ్ళీ అలా అనిపించలేదు.