ఉప్పాడ అంచు విమానం

నిదానమే ప్రధానం అన్న మాటను విశ్వనాథంగారు నమ్మినంతగా ఇంకెవరూ నమ్మి ఉండరు. ఆయన భార్య శారద మాత్రం ఒప్పుకునేది కాదు. "అది నిదానం కాదండీ, నత్తనడక" అనేది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం షామ్‌బర్గ్‌లో వాళ్ళింటి బేస్‌మెంట్‌లో ఒక బొమ్మ విమానం తయారవడం మొదలై ఎన్నేళ్ళయిందో ఆవిడ లెక్క వేరు, ఆయన లెక్క వేరు. నచ్చక విరిచేసి మళ్ళీ కట్టిన రెక్కలకు పట్టిన కాలం ఆయన లెక్కలో చేరదు.

బొమ్మ అంటే ఆయనకు కోపం. మోడల్ అనాలి. మనిషి నిలువెత్తు వెడల్పున రెక్కలు, కింద రెండు చక్రాలు, ముక్కున చిన్న ఇంజను, నేల మీద నిలబడి రేడియోతో నడిపే రకం. పంతొమ్మిదివందల ముప్ఫైలనాటి విమానాల తీరులో ఉంటుంది. బాల్సా అనే తేలికపాటి కర్రను బ్లేడుతో కోసి, బల్ల మీద పరిచిన నక్షా పైన గుండుసూదులతో నిలబెట్టి, పక్కటెముక పక్కన పక్కటెముక అతికించుకుంటూ పోవాలి. ముప్పాతిక విమానం అట్టపెట్టెలోనే సిద్ధంగా వచ్చే రోజుల్లో ఈ అవస్థ ఎందుకయ్యా అంటే, కాకినాడలో కాలేజీ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆయన ఒక అమెరికా పత్రికలో ఈ నక్షా చూశారట. అప్పుడు కాకినాడలో బాల్సా ఎక్కడ దొరుకుతుంది? తర్వాత ఆయన అమెరికా వచ్చారు, కరెంటు కంపెనీలో హైటెన్షన్ లైన్ల ఇంజినీరుగా ఒక జీవితకాలం పనిచేశారు, రిటైరయ్యారు. బాల్సా దొరికింది. తొందర మాత్రం ఆ దేశంలో కూడా ఆయనకు దొరకలేదు.

శారద మత్తు డాక్టరు. ఆసుపత్రిలో మనుషుల్ని నిద్రపుచ్చడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో మొగుణ్ణి స్థిమితంగా ఓ కునుకు తియ్యనిచ్చిన పాపాన పోలేదు. ఆయన ఏం అడిగినా ముందు తల అడ్డంగా ఊపేది. ఇంకో కాఫీ తాగనా? అడ్డంగా. ఈ చొక్కా వేసుకోనా? అడ్డంగా. ఊపడం అయ్యాక ఆలోచించుకుని, కావాలంటే కాఫీ తనే కలిపి ఇచ్చేది. ముందు వద్దనడం మాత్రం తప్పదు. ఆయన వినకపోతే "చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు" అని, నిజంగానే మోచేతి దగ్గర గిల్లి పోయేది.

పాతకాలపు విమానానికి ప్లాస్టిక్ పొర అతికించరు. పల్చటి పట్టుగుడ్డ చుట్టి, డోప్ అనే ఘాటైన వార్నిష్ పూతలు పూస్తారు. ఆరాక అది డప్పులా బిగుసుకుంటుంది. ఆ పట్టుగుడ్డ కోసం ఆయన కేటలాగు తిరగేస్తుంటే శారద వెనక నుంచి చూసింది.

"ఆ తెల్లగుడ్డా? పాడె మీద కప్పేదానిలా ఉంది. నా చిలకపచ్చ ఉప్పాడ చీర ఉంది కదండీ. మా అమ్మ కొన్నది. అది కట్టుకుని ఇక్కడ ఎక్కడికి వెళ్ళాలి నేను? మీ విమానానికి చుట్టండి, నేను ఎగరకపోయినా నా చీర ఎగురుతుంది. అంచు మాత్రం తీసేశారో, ఊరుకోను. అసలు వెండి జరీ అది. అంచు లేకపోతే అదేం చీర?"

"అలాగేలే" అన్నారాయన.

"ఇంతకీ నా సంవత్సరీకం నాటికైనా ఎగురుతుందా ఇది?" అని నవ్వింది.

"ఛ, అవేం మాటలు!" అని కసిరారు విశ్వనాథంగారు. తథాస్తు దేవతలు మన ఊళ్ళలోనే తిరుగుతారనుకుంటాం, ఇల్లినాయ్‌కి కూడా వస్తారు కాబోలు. ఆ సెప్టెంబరులో, రెండువేల అయిదులో, పెరట్లో టమాటా మొక్కలకు నీళ్ళు పడుతూ ఆవిడ కూర్చుండిపోయింది. ఆంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది.

ఆయన ఏడవలేదు. వచ్చినవాళ్ళు "గట్టి మనిషి" అన్నారు. నన్నడిగితే అది గట్టితనం కాదు, ఆయనకు అన్నీ ఆలస్యమే. కూతురు త్రివేణి టెక్సస్ నుంచి వచ్చి, పదిరోజులూ ఏడ్చి, ఫ్రిస్కోలో తనింటికి రమ్మని బతిమాలింది. "విమానం పనుందమ్మా" అన్నారాయన. ఆ మాటకు ఆ పిల్లకు ఒళ్ళు మండిందంటే తప్పు పట్టలేం.

కానీ ఆయనకు నిజంగానే పనుంది. సంవత్సరీకం నాటికి అది ఎగరాలి. ఆవిడ నవ్వుతూ అన్నదో, తెలిసి అన్నదో, అదే ఆఖరి పురమాయింపుగా మిగిలిపోయింది.

చలికాలమంతా చీర చుట్టారు. బీరువాలోంచి తీసినప్పుడు చీరలో శారద వాసన, కలరా ఉండల వాసన కలిసి ఉన్నాయి. డోప్ పూస్తున్నకొద్దీ ఆ వాసనలు పోయాయి. రెక్కలకు చీర నడిమి గుడ్డ, ఒంటికి రెండు వైపులా ముక్కు నుంచి తోక దాకా అంచు. చీరకు కత్తెర పెట్టారు, కానీ అంచును మాత్రం ఒక్క పోగు కూడా తీయలేదు.

మంచు కరిగాక రేడియో పరికరాలు లోపల బిగించి, స్విచ్చి వేసి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నారు. పచ్చగా, అంచు మెరుస్తూ, చీర కట్టుకుని ముస్తాబైన మనిషిలా ఉంది. నోరు జారి పైకే అన్నారు.

"అయిపోయింది శారదా. బాగుందా?"

విమానాన్ని నడిపే రేడియో ఆయన చేతిలో లేదు. అది బల్ల మీద ఉంది. అయినా విమానం తోకన ఉన్న రడ్డర్, తలుపురెక్కలా అటూ ఇటూ తిరిగే చుక్కాని, ఎడమకు తిరిగింది. కుడికి తిరిగింది. మళ్ళీ ఎడమకు. అచ్చం తల అడ్డంగా ఊపినట్టు.

విశ్వనాథంగారు స్టూలు మీద కూలబడ్డారు. భయం వేసింది. ఆ వెనకే అంత భయంలోనూ ఎంత సంతోషం కలిగిందంటే, అందుకు ఆయనకే సిగ్గేసింది.

అది మొదలు రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో బేస్‌మెంట్‌లోకి దిగడం, స్విచ్చి వేయడం, మాట్లాడడం. ముక్కుకు ఎరుపు వేయనా? కాసేపటికి రడ్డర్ అడ్డంగా ఊగేది. త్రివేణి ఇంటికి వెళ్ళనా? అడ్డంగా. ఒక్కోసారి చాలాసేపు ఊగేది కాదు, అలిగిందనుకునేవారు. పైన హాల్లో సోఫాలో ఆవిడ లేదు, పెరట్లో లేదు, పడకగదిలో లేదు. కింద మాత్రం ఉంది. మెట్లు దిగుతుంటే నలభై ఏళ్ళ కిందట పెళ్ళిచూపులకు వెళ్ళినప్పటిలా గుండె కొట్టుకునేది.

వేసవి సెలవులకు త్రివేణి వచ్చినప్పుడు మెట్ల మీద నిలబడి విన్నది.

"డాడీ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"విమానంతో."

"మీరు అమ్మ పేరు అన్నారు. ఐ హర్డ్ యూ."

ఆయన స్విచ్చి ఆపేసి, "భోంచేద్దామా?" అన్నారు.

ఆగస్టులో నరసింహ పట్టుబట్టాడు. నరసింహది వరంగల్, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారాల్లో విమానాలు ఎగరేసే క్లబ్బు మైదానంలో పరిచయం. శారద తెచ్చే పులిహోర కోసమే తన విమానాన్ని తొందరగా దించేసేవాడు. "అంకుల్, వచ్చే నెల ఆంటీ సంవత్సరీకం కదా. ఎగరేస్తనన్నరు. ఒక్కసారి టెస్ట్ అన్న చేద్దాం" అని తనే వ్యానులో ఎక్కించాడు.

కొత్త విమానాన్ని ఎగరేసే ముందు ఒక పరీక్ష ఉంటుంది. ఒకరు విమానాన్ని పట్టుకుంటారు, ఒకరు రేడియో ఏంటెన్నా మడిచి దూరంగా నడుచుకుంటూ పోతారు. అంత బలహీనమైన సంకేతానికి కూడా విమానం మాట వింటే ఎగరడానికి పనికొస్తుంది. నరసింహ ఇరవై గజాలు కూడా నడవలేదు. విశ్వనాథంగారి చేతుల్లో రడ్డర్ టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఆగలేదు.

నరసింహ పరుగెత్తుకొచ్చాడు. "గిట్ల ఎగరేస్తే లేచుడే ఉంటది అంకుల్, దిగుడుండదు. మనం చెప్పకుంటనే కొట్టుకుంటున్నది. లోపల యాడనో లోహానికి లోహం తాకుతున్నది." పచ్చటి ఒంటి మీద వేలితో రాస్తూ వచ్చి, అంచు దగ్గర ఆగాడు. "ఇది అసలు జరీయా అంకుల్? వెండిదా?"

సంకేతాన్ని అందుకునే తీగ ఆ విమానం ఒంట్లో తోక దాకా ఉంటుంది. దాని పక్కనే రడ్డర్‌ను లాగే ఇనుప కడ్డీ. పైన రెండు వైపులా వెండి అంచు. తెగిన జరీ పోగులు లోపలికి పొడుచుకొచ్చి కడ్డీకి తగులుతుంటే రేడియోకు పిచ్చెక్కక ఏమవుతుంది? జీవితమంతా తీగల మధ్య బతికిన ఇంజినీరుకు ఆ సంగతి మొదటి రోజే తెలుసు. తెలుసు గానీ, తెలుసుకోవాలనుకోలేదు.

"అంచు తీసేద్దాం అంకుల్. గంట పని."

"తీయను" అన్నారు ఆయన, ఎన్నడూ లేనంత గట్టిగా. నరసింహ విమానాన్ని వ్యానులో పెట్టాడు.

మూడు వారాలు అలాగే గడిచాయి. అంచు ఉంచితే విమానం ఎగరదు, శారద మాట పోతుంది. అంచు తీస్తే ఎగురుతుంది, శారదే పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. సంవత్సరీకానికి అరోరా ఊరి గుడి పూజారిగారితో మాట్లాడి తిథి ఖాయం చేసుకున్నాక, ఒక మధ్యాహ్నం భోజనం కూడా మానేసి కిందికి దిగి స్విచ్చి వేశారు.

"అంచు తీయనా శారదా?"

కొంతసేపటికి రడ్డర్ అడ్డంగా ఊగింది.

"పోనీ, ఎగరేయడం మానేయనా?"

అడ్డంగా ఊగింది.

"రెండూ వద్దంటే ఎలాగే?" ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక, ఇన్ని నెలలుగా నాలుక చివర దాకా వచ్చి ఆగిపోతున్న ప్రశ్న ఈసారి ఆగలేదు.

"నువ్వు శారదవేనా?"

బేస్‌మెంట్‌లో ఏసీ మోత తప్ప మరేమీ లేదు. పైన ఎత్తున ఉన్న చిన్న కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. రడ్డర్ కదల్లేదు. కదలదేమో అనుకున్నారు. కదలకూడదని దేవుడికి మొక్కుకున్నారు. అప్పుడు అది మెల్లగా ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది, మళ్ళీ ఎడమకు తిరిగి ఆగింది.

విశ్వనాథంగారు లేచి, బ్లేడు తెచ్చుకున్నారు.

అంచు అంత తేలిగ్గా రాలేదు. డోప్ కరిగించే మందు దూదితో అద్దుతూ, అంగుళం అంగుళం ఎత్తుతూ, తెగిన చోటల్లా చీర ముక్కలు అతుకుతూ, సాయంత్రానికి రెండు వైపులా తీసేశారు. ఆ అంచును మడిచి బీరువాలో పెట్టొచ్చి, స్విచ్చి వేశారు.

"శారదా."

రడ్డర్ తిన్నగా ఉంది.

"కాఫీ తాగనా?" గొంతు పెంచి అడిగారు. "శారదా, నిన్నే."

ఏడాది కిందట పోయిన మనిషి ఆ సాయంత్రం మళ్ళీ పోయింది. ఈసారి ఆంబులెన్సు లేదు, వచ్చి పలకరించేవాళ్ళూ లేరు.

సంవత్సరీకం నాడు పొద్దున్నే కర్మ అయింది, భోజనాలయ్యాయి, త్రివేణి మధ్యాహ్నం ఫ్లైట్‌కి వెళ్ళిపోయింది. పొద్దు వాలుతుండగా నరసింహతో కలిసి మైదానానికి వెళ్ళారు. నరసింహ చక్రాల కింద పెట్టి తొక్కించడానికి నిమ్మకాయలు తెచ్చాడు. "ఈవేళ వద్దులేవయ్యా" అన్నారాయన. క్లబ్బు పలక మీంచి తన రేడియో నంబరున్న బట్టల క్లిప్పు తీసి రేడియోకు తగిలించుకున్నారు. ఒకే నంబరు మీద ఇద్దరు రేడియోలు వేస్తే విమానాలు ఎవరి మాటా వినవు, అందుకని ఆ ఏర్పాటు. ఇప్పుడు ఆ విమానం ఆయన మాట ఒక్కటే వినాలి.

గడ్డి మీద పరుగెత్తింది. తోక లేచింది. ఆయన ఇంకా రేడియో మీది పుల్ల వెనక్కి లాగాలా వద్దా అని తటపటాయిస్తుండగానే నేల వదిలింది. చిలకపచ్చ రెక్కల్లోంచి సాయంకాలపు ఎండ దూరి, లోపలి పక్కటెముకలు కనిపించాయి. నరసింహ ఈల వేశాడు.

ఎడమకు తిప్పితే ఎడమకు తిరిగింది. కుడికి తిప్పితే కుడికి. పైకంటే పైకి, చాలంటే చాలు. ఒక్కసారి, ఒక్క క్షణం వద్దని తల ఊపుతుందేమోనని ఆయన కళ్ళు తోకను వదల్లేదు. ఊపలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఒక్కనాడైనా చెప్పిన మాట మొదటిసారికే వినని మనిషి ఆమె. ఇది ప్రతి మాటా వింటోంది.

దించమంటే దిగింది కూడా. ఎక్కడా తూలకుండా వచ్చి ఆయన కాళ్ళ దగ్గరికి దొర్లి ఆగింది.

"సూపర్ అంకుల్! ఎట్ల చెప్తే అట్ల విన్నది!" నరసింహ చేతులు పట్టుకుని ఊపేశాడు.

"అవును. చెప్పినట్టల్లా వింది." ఆయన రేడియోను గడ్డిలో పెట్టారు. "నరసింహా, శారద పోయిందయ్యా."

నరసింహ కంగారుపడ్డాడు. "తెలుసు కదా అంకుల్. నేనొచ్చిన కదా ఆ రోజు."

"నాకిప్పుడే తెలిసింది" అన్నారు విశ్వనాథంగారు. అని, గడ్డిలో చతికిలబడి, ఆ విమానం తోక పట్టుకుని, మైదానంలో అందరూ చూస్తుండగా గొంతెత్తి ఏడ్చారు, ఏడాది ఆలస్యంగా.