సోమవారం చివరి వరుస

ఒక తప్పును ఆరేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఎక్కడా చెప్పలేదు. అలాగని నిద్ర పట్టని మనిషినేమీ కాదు. వేళకు తిన్నాను, పడుకున్నాను, అది కూడా తప్పులో భాగమేనేమో. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మీకు అక్కర్లేదు, తెలియాల్సిన మనిషికి తెలుసు.

కొత్తగూడెం వైపు ఒక కాలేజీలో లైబ్రేరియన్‌ని. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడమే మా పని అనుకుంటారు. ఇంకోటి ఉంది. కొన్ని పరిశోధన పత్రికలు వ్యాసాలకు తాళం వేసి పెడతాయి, డబ్బు కట్టినవాళ్ళే చదవాలి. అందరూ ఊరికే చదవాలంటే రాసినవాళ్ళే ఫీజు కట్టాలి. అది లెక్చరర్ల జీతాలకు అందే ఫీజు కాదు. వాళ్ళ బదులు కట్టడానికి మా లైబ్రరీకి ఓ చిన్న నిధి ఉండేది. ఎవరి దరఖాస్తు ముందొస్తే వాళ్ళకి. ఎవరు ముందో తేల్చేది వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు, తేదీ వేసే నా టేబుల్ మీది ఇన్‌వర్డ్ రిజిస్టరు.

ఆ రిజిస్టరులో మాకో అలవాటు. ప్రతిరోజూ చివర నంబరు వేసి ఒక వరుస ఖాళీగా వదిలేవాళ్ళం. పెద్దవాళ్ళ కాగితం ఆలస్యంగా వస్తే పాత తేదీలో ఇరికించడానికి. ఉద్యోగంలో చేరగానే నాకు నేర్పిన మొదటి పని అదే. తప్పని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

నాగమణి బాటనీలో కాంట్రాక్టు లెక్చరర్. దమ్మపేట అవతల అడవిలో కోయగూడెం ఆమెది. తిండికి కటకటలాడే నెలల్లో వాళ్ళ పెద్దలు తవ్వుకుని తినే చేదు దుంపల మీద రాసింది. ఏది విషం, ఏది కాదు, వాగు నీళ్ళలో ఎన్నాళ్ళు నానబెడితే ఆ విషం పోతుంది. ఇవన్నీ చెప్పింది ఆమె పెదనాయన జోగయ్య. ఒక్క షరతు మీద చెప్పాడట: గూడెం పిల్లలు ఎవరైనా ఫోన్లో తెరిచి చూసుకునేలా ఉండాలి. వాళ్ళ కోసమే వ్యాసం వెనక తెలుగులో బొమ్మలతో కొన్ని పేజీలు జత చేసింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఒక మంగళవారం పొద్దున దరఖాస్తు తెచ్చింది. నేనే నంబరు వేశాను. ఆ ఏడు నిధిలో ఒక్క వ్యాసానికి సరిపడా డబ్బే మిగిలింది.

మధ్యాహ్నం మా సీనియర్ ప్రొఫెసర్ ఒకాయన తన కాగితం తెచ్చాడు. ఆయనదీ నాదీ వైరా దగ్గర పక్కపక్క ఊళ్ళు. ఇద్దరి తాతలూ కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్ళే. బెదిరించలేదు. ఏమీ ఇవ్వజూపలేదు. నవ్వుతూ అక్కయ్యా అన్నాడు, మనవాళ్ళం అన్నాడు, అంతే. సోమవారం చివరి వరుస ఖాళీగా ఉంది. ఆయన పేరు అందులో రాశాను.

ఎందుకు చేశాను? భయపడి చేసి ఉంటే ఎంత బాగుండేది, చెప్పుకోవడానికి ఒక కారణం ఉండేది. ఆయన అడిగితే ఇంట్లో మనిషి మంచినీళ్ళు అడిగినట్టుంది. నాగమణి అడిగితే దరఖాస్తులా ఉంది. ఆ తేడా నాకెవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా ఇంట్లో మాటల మధ్యే వచ్చేసింది.

నేనెంత తిరిగినా నిధి కమిటీ ఒప్పుకోలేదని ఆమెకు చెప్పాను. కాంట్రాక్టు రెన్యువల్‌కి ప్రచురణ చూపించాలి, ఆమె ఆగలేకపోయింది. వ్యాసం తాళం వెనక్కి వెళ్ళింది.

కొన్ని నెలలకు జోగయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. లైబ్రరీ కంప్యూటర్లో అయినా తెరుచుకుంటుందని ఆశ. పేజీ వచ్చింది. శీర్షిక, ఆమె పేరు, నాలుగు లైన్లు, కింద డాలర్లలో ధర. ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని తెర దగ్గరకు వంగాడు.

"గింతేనా బిడ్డా? నేను శానా చెప్పిన గదా."

"లోపల ఉంది పెదనాయనా. పైసలు కడితేనే తెరుస్తరంట."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏందమ్మా, మేం చెప్పింది మాకే అమ్ముతరా?"

"రూల్స్ గట్లున్నయ్ పెద్దాయనా," అన్నాను.

"మేడం నా కోసం మస్తు తిరిగింది పెదనాయనా," అంది నాగమణి. "కమిటీ వాళ్ళే ఒప్పుకోలే."

"అవ్, ఆమె మాత్రం ఏం జేస్తది," అని ఆయన నాకు దండం పెట్టాడు.

నేనూ తిరిగి దండం పెట్టాను. సిగ్గు లేకుండా పెట్టాను.

అప్పటికీ ఒక దారి ఉంది, అది నాకు తెలుసు. పత్రిక ఆమోదించాక రాసినవాళ్ళ దగ్గర ఉండే ప్రతిని, ఏడాది ఆగితే, మా లైబ్రరీ వెబ్‌సైటులో పైసా ఖర్చు లేకుండా అందరికీ పెట్టొచ్చు. పత్రిక వాళ్ళ రూల్స్‌లోనే ఉంది. ఆ మాట చెప్పడమే నా ఉద్యోగం. చెబితే పాత ఫైలు తీయాలి, ఫైలు తీస్తే ఎవరో ఒకరు రిజిస్టరు తిప్పుతారు, తిప్పితే ఆ సోమవారం కనబడుతుంది, అని నోరు మూసుకున్నాను. మొదటిది అలవాటు కొద్దీ చేశాననుకున్నా, రెండోది తెలిసి తెలిసి చేశాను. ఏడాది గడిచింది. మరో ఏడాది. నాగమణి భద్రాచలంలో వేరే కాలేజీకి వెళ్ళిపోయింది. ఒక వానాకాలం జోగయ్య పోయాడని విన్నాను. ఆ రోజు కూడా అన్నం తిన్నాను.

పోయిన వారం పాత రిజిస్టర్లన్నీ స్కాన్ చేయమన్నారు. ఆ పేజీ వచ్చింది. తిప్పేయబోయి తిప్పలేకపోయాను. ఎర్ర పెన్నుతో పక్కన రాశాను: ఇది మంగళవారం మధ్యాహ్నం రాసినది, నాగమణి దరఖాస్తు దీనికంటే ముందు వచ్చింది. సంతకం పెట్టాను. నాగమణికి జరిగిందంతా మెసేజ్ పెట్టి, పత్రిక ఆమోదించిన ఆ ప్రతి ఉంటే పంపమని అడిగాను. ఆమె చదివినట్టు ఫోన్లో కనిపించింది.

నిన్న ఫైలు వచ్చింది. ఫైలొక్కటే. ఒక్క మాట కూడా లేదు, తిట్టు కూడా లేదు. దాన్ని వెబ్‌సైటులో ఎక్కించి, నా ఫోన్లో తెరిచి చూశాను. పైసా అడగకుండా తెరుచుకుంది. ఐదో పేజీలో జోగయ్య వాగులో నిలబడి, రెండు చేతుల్లో దుంపల బుట్ట పట్టుకుని ఉన్నాడు. చూడాల్సిన మనిషి ఆయన. చూసింది నేను.

క్షమించమని నాగమణిని అడగలేదు, అడగను. ఎర్ర సిరా చూసిన ప్రిన్సిపాల్ రేపు రమ్మన్నాడు. వెళ్తాను. అబద్ధానికి మళ్ళీ ఏ అబద్ధం అతకాలా అని ఆలోచించకుండా వెళ్ళడం ఆరేళ్ళలో ఇదే మొదటిసారి.