ఎర్రపట్టీ చెట్టు

మొన్న మలికిపురం వెళ్ళే దారిలో ఎండకి తాళలేక ఆటో ఆపించి, తోట పక్కన కొబ్బరి బొండాలు అమ్ముతున్న ఆయనకి దగ్గర చెట్టు గెల చూపించి ఒకటి కొట్టమంటే, తలెత్తకుండానే, "అది కాదండీ, మందు పెట్టిన చెట్టండి, ఎర్రపట్టీ చూళ్ళేదా" అన్నాడు. మాను చుట్టూ పూసిన ఆ రంగు చూసి ఛాతీ పొంగిందన్న మాట దాచుకోను. దాని వెనక మా ఊరి తగువొకటి ఉంది.

కొబ్బరి తోటలున్న మీకు గుర్తుండే ఉంటుంది, పురుగు ఆకుల్ని తినేసి తోటలకు తోటలు మాడిపోయినట్టు కనిపించిన రోజులు. అంత ఎత్తున మందు కొట్టలేక, పచ్చి వేరొకటి ఏటవాలుగా కోసి, మందునీళ్ళ సంచి దానికి కట్టేవాళ్ళం; వేరు ఆ విషాన్ని తాగి ఆకుదాకా పంపేది, కాయలోకీ పంపేది. అందుకే కొన్నాళ్ళు కాయ ముట్టకూడదు. మా సహకార సంఘానికి పెదనాన్నగారు అధ్యక్షులు, నేను కొత్త గుమాస్తాని. కొట్లో కొనే ప్రతి మందు సీసాకీ సంఘం ఇచ్చే అనుమతి చీటీ, చీటీకో షరతు: ఒక మందుకి పదిహేను రోజులు, ఇంకోదానికి నెల, మరోదానికి నెలన్నర. అన్నీ గుండ్రటి అక్షరాలతో నేనే రాసేవాణ్ణి; రాస్తే పని అయిపోయిందనుకునేవాణ్ణి.

ఆ ధీమా మా దొడ్లోనే దిగిపోయింది. పాక పక్క చెట్టుకి నేనే మందు పెట్టి, చీటీ జేబులో వేసుకుని, అమ్మకి చెప్పడం మరిచాను. నాలుగో రోజు మేనమామ వచ్చారు. చుట్టం గడప తొక్కగానే బొండాం చేతికివ్వకపోతే మా వైపు పరువు పోయినట్టే. నేను భోజనానికి ఇంటికొచ్చేసరికి ఆయన చేతిలో కొట్టిన బొండాం పెదవిదాకా వెళ్ళింది. ఏ చెట్టుదని అడిగితే అమ్మ పాక వైపు చూపించింది. లాక్కుని నేలకేసి కొట్టాను. మావయ్య మొహం మాడిపోయింది. "ఏరా, మేనమామ బొండాం తాగాలన్నా మీ సంఘం చీటీ కావాలా?" అన్నారు. జేబులోంచి చీటీ తీసి చూపించాను. అమ్మకి చదువు రాదు; నా గుండ్రటి అక్షరాలు ఆవిడకెందుకు?

మర్నాడే పెదనాన్నగారు సమావేశం పెట్టించారు. నా తప్పు అందరి ముందూ చెప్పి, వేరుకి పెట్టే మందులన్నిటినీ ఒకే జట్టుగా చూసి ఒకే అనుమతి, ఒకే షరతులు పెట్టాలన్నాను: అన్నిట్లోకీ ఎక్కువ గడువే అన్నిటికీ గడువు, సీసాలకి సంఘం బీరువాలో తాళం, మందు తాగిన ప్రతి చెట్టుకీ ఎర్రపట్టీ. ఒక రైతు, "నాది మెత్తని మందండీ, పదిహేను రోజులు చాలని మందుల కొట్టాయన చెప్పేడు" అన్నాడు. పచ్చని చెట్టుకి రంగు పూస్తే అమ్మవారికి కోపమని ఇంకొకాయన. నాకు ఒళ్ళు మండింది. విషం కొట్టాయన్నీ అడగదు, అమ్మవారినీ అడగదు, మీ ఇంటికొచ్చిన చుట్టం సీసా పేరు చదివి తాగుతాడా అని నిలదీశాను. అయినా ఎవరూ తగ్గలేదు.

అప్పుడు వెనక బల్ల మీంచి, మా సంఘంలో ఓటైనా లేని మేనమామ లేచారు. "ఆయ్, నేను చూసేనండీ ఆ నీళ్ళు. తేటగా, ఎంత బాగున్నాయో. విషానికి లోపల రంగు లేదు కదండీ, బయటైనా పూయండి" అన్నారు. ఆ మాటతో ఒక్కొక్క చెయ్యే లేచింది, తీర్మానం నెగ్గింది. పాక పక్క చెట్టుకి మొదటి పట్టీ ఆయనే పూశారు. ఆ తరవాత మా ఊళ్ళో మందు కాయ తాగి మంచం పట్టినవారు లేరు. నా జీవితంలో నేను గెలిచిన వాదాలన్నిట్లోకీ అదే నాకు పెద్దది, సగం మావయ్యదే అయినా.

పట్టీ పూయడం ఎవరు నేర్పారని బొండాలాయన్ని అడిగాను. "మా నాన్న పూసేవాడండి, నేనూ పూస్తన్నాను" అన్నాడు. ఇప్పుడు షరతులు చీమతలకాయలంత అక్షరాల్లో సీసా మీదే అచ్చయి వస్తున్నాయి. వాటి గురించి నలుగురూ కూర్చుని తగువాడడం లేదు, తగువాడనిదాన్ని మనదని ఎవరూ అనుకోవడమూ లేదు. ఆయన వేరే చెట్టు బొండాం కొట్టి ఇచ్చాడు. మాను వైపు ఒకసారి చూసుకునే తాగాను. లాక్కోవడానికి పక్కన ఎవరూ లేరు.